పదో పేజీలో హంతకుడు

ఆ రోజుల్లో మా దబీర్‌పురాలో డిటెక్టివ్ నవల అద్దెకు తెచ్చుకున్నామంటే సస్పెన్స్ మీద ఆశ వదులుకోవాల్సిందే. మనకంటే ముందు చదివిన మహానుభావుడెవరో పదో పేజీ అంచున 'చంపింది డాక్టరే' అని రాసిపెట్టేవాడు. (ఆ మహానుభావుల్లో నేనూ ఒకణ్ణి. కాకపోతే పుస్తకం పూర్తిచేసి రాసే ఓపిక నాకెక్కడిది? పది పేజీలకే ఊహించి రాసేసేవాణ్ణి. చాలాసార్లు తప్పే.) పుస్తకాల దుకాణం భాయ్ మాత్రం తల పట్టుకునేవాడు. "గిట్ల రాసెటోడు దొరకనియ్యి, చేతులు ఇరగ్గొడ్త!"

అలాంటి నాకు ఇరవై రెండో ఏట చారిత్రక అపరాధ పరిశోధన నవల రాయాలని బుద్ధి పుట్టింది. గోలకొండ సుల్తానుల కాలం, అత్తరు వ్యాపారి హత్య, వైద్యం చేసే హకీం, గుర్రమెక్కిన గూఢచారి. చరిత్ర కోసం నేను చేసిన పరిశోధనల్లా ఒక ఆదివారం కోటకెళ్లి, గుమ్మటం కింద చప్పట్లు కొట్టి రావడమే. ఎవరో పుణ్యాత్ముడు అచ్చు కూడా వేశాడు. ఒక కాపీ భాయ్ దుకాణంలో పెట్టించి, ఇంకొకటి తీసుకెళ్లి బాపు చేతిలో పెట్టాను.

బాపు అంటే మా నాన్న, రైల్వేలో పార్సిల్ గుమాస్తా. నవలలంటే ఒళ్లుమంట. అట్ట చూసి, "ఏందిర ఇది? కొలువు సూస్కోమంటే గుర్రమెక్కినవా?" అన్నాడు.

"పోరడు రాసిండు, జర సదువుండ్రి" అంది అమ్మ.

"నాకేం పన్లేదా?" అని అల్మారా మీద పడేశాడు. దబీర్‌పురా అంతా చదివినా బాపు చదవకపోతే నేనేం రచయితనయినట్టు? నెల రోజులు ఆ పుస్తకం మీద దుమ్ము పెరగడం రోజూ చూశాను. ఏడుపొచ్చేది, దాచుకోవడమెందుకు.

ఒకరోజు భాయ్ కేకేశాడు. "రచయిత సాబ్, నీ పుస్తకంల గూడ రాసిండ్రు, సూడు!"

పదో పేజీలో నీలం పెన్సిలుతో 'చంపింది హకీమే' అని ఉంది. నాకు మండిపోయింది. చంపింది హకీం కానే కాదు! ముప్పయ్యో పేజీలో ఇంకోటి, 'ఆ కాలంల ఇరానీ చాయ్ ఎక్కడిది?' (నా గూఢచారి ఆలోచించాల్సి వచ్చినప్పుడల్లా రెండు కప్పులు తాగేవాడు మరి.) చివరి పేజీలో, 'హకీం కాదు. మోసపోయిన.'

పార్సిళ్ల మీద రాసినట్టు లావుపాటి అక్షరాలు. ఎవరివో నాకు తెలియకపోతే కదా!

"మీ బాపే" అన్నాడు భాయ్. "రెండుసార్లు తీస్కపోయిండు. నీకు చెప్పొద్దన్నడు."

"మరి చేతులు ఇరగ్గొట్టవా భాయ్?"

"పెద్దమనిషి, ఎట్ల కొడ్త?"

ఇంట్లో కాపీ ఉండగా అద్దెకు తెచ్చుకుని చదివాడన్నమాట! పది పేజీలకే తీర్పు చెప్పే రోగం నాకెక్కడినుంచి అంటుకుందో కూడా ఆరోజే తెలిసింది. ఇంటికెళ్తే బాపు ఎప్పటిలాగే, "కొలువు సంగతేమైంది?" అన్నాడు. "సూస్తున్న బాపు" అన్నాను.

భాయ్‌ని బతిమాలి ఆ కాపీ నేనే తెచ్చుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా "మీ హంతకుణ్ణి ముందే పట్టేశానండీ" అంటే నవ్వి ఊరుకుంటాను. మా బాపు పట్టలేకపోయాడు, నాకది చాలు.