వెనక్కి తిరిగిన బాపమ్మ

మొన్న మా అక్క మనవరాలు పాత కెమెరా ఒకటి సంపాదించి, ఫిలిం ఇంట్లోనే కడుగుతానని వెలుతురు రాకుండా నా బాత్రూం తలుపు సందుల్లో బట్టలు కుక్కింది. కాసేపటికి చీకట్లోంచి కేక: "అమ్మమ్మా, ఫిలిం రీలుకు ఎక్కుతలేదే!" "చెయ్యి చెమట పట్టి ఉంటది, జర ఆరనియ్యి," అన్నాను. మళ్లీ, కడిగే ముందు ఫిలిం చుట్టే ప్లాస్టిక్ రీలు కర్రుకర్రుమనగానే బొగ్గుబాయి కాలనీలో మా క్వార్టర్ గుర్తొచ్చింది.

గనిలో మా బాపుది, అంటే నాన్నది, ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. ఆయన పగటి నిద్ర కోసం నడిమి అర్ర కిటికీకి గొంగడి కట్టి, సందులకు అవ్వ, మా అమ్మ, కాగితాలు అంటించింది. బాపు పడుకుంటే మేము తుమ్ముకైనా వాకిట్లోకి పోవాల్సిందే. ఫొటోల పిచ్చి ఉన్న బాపు తమ్ముడికి, మా చిన్నబాపుకు, అంత మంచి చీకటి ఇంకెక్కడా దొరకలేదు.

మంథనిలో ఉండే బాపమ్మ, అంటే బాపు తల్లి, అప్పటిదాకా జన్మలో ఫొటో దిగలేదు. చిన్నబాపు బతిమాలి బతిమాలి ఒక ఫిలిమంతా ఆమెనే తీశాడు. ఆఖరికి ఆమెకు విసుగొచ్చి, "ఇగ సాలు పోరా," అని ఇంట్లోకి పోతుంటే అదీ తీశాడు. కడిగే మందు హైదరాబాద్ నుంచి వచ్చేలోపు బాపమ్మ పోయింది. ఇక ఆమె ముఖమంటూ ఉన్నది ఆ ఫిలింలోనే.

నిద్రలో ఉన్న మనిషిని లేపడమెందుకని, చిన్నబాపు చెప్పకుండానే అర్రలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఫిలిం మీది కాగితం విప్పి, కొస రీలుకు పెట్టి, ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకు బాపుకు మెలకువ వచ్చింది. బియ్యం సంచిలో ఎలుక పడ్డదనుకుని దిండు కింది టార్చి వేశాడు.

"అన్నా, లైటెయ్యకు!"

"నువ్వారా? ఎలుకనుకున్న గదరా!"

వెలుతురు పడి ఫిలిం పాడైందని తెలిశాక బాపు, "లేపితే ఏమయితుండెరా," అన్నాడట, అంతే.

ఫిలిం చుట్ట విప్పితే చివరి ఫొటోయే ముందు వస్తుంది, రీలు లోపలికి ముందు పోయేదీ అదే. వెలుతురు తగలకుండా మిగిలింది అదొక్కటే: బాపమ్మ వీపు, కొప్పు, గడప మీద ఒక కాలు. బాపు దానికే ఫ్రేము కట్టించి దండ వేశాడు. చుట్టాలు "గిదేంది, ఎనుకకెంచి తీసిన్రు?" అంటే, "మా అవ్వకు ఇంట్ల పనున్నది," అనేవాడు.

ఇప్పుడు బాపు, చిన్నబాపు లేరు, మా అక్కా లేదు. ఫిలిం రీలుకు ఎక్కించి, డబ్బాలో మూసి బయటికొచ్చిన పిల్ల గోడ మీది ఆ ఫొటో చూసి, "ముఖం ఎట్లుండె అమ్మమ్మా?" అంది. గదుమ మీద పచ్చబొట్టు ఉండేదన్నాను. అంతలోనే ఏడుపొచ్చింది. ఆ ముఖం చూసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. నా తర్వాత బాపమ్మ అందరికీ ఇంట్లోకి పోతూనే ఉంటుంది.