కొట్టని కొబ్బరికాయ

ఎవరికీ చెప్పని సంగతి ఇది. డిగ్రీ రెండో ఏడాది చలికాలంలో నేను మొక్కు కోసం రోజూ గుణదల కొండ ఎక్కుతున్నానని వీధంతా నమ్మింది. మొక్కూ లేదు, ఏమీ లేదు. నాకు పరుగెత్తాలని ఉండేది, అంతే.

క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని దాన్ని. పొద్దున్నే పరుగెత్తి వస్తానని నాన్నని అడిగే ధైర్యం ఎక్కడిది? అందుకే పరీక్ష ప్యాసవ్వాలని మొక్కుకున్నానన్నాను. నలభై రోజులు కొబ్బరికాయతో కొండెక్కి, ఆఖరి రోజున కొట్టాలన్నది నేను కల్పించిన నియమమే.

"నలభై రోజులేనే, ఆ తర్వాత ఇల్లు కదలడానికి వీల్లేదు" అన్నారు నాన్న.

"పరీక్షకి కాదులెండి, సంబంధానికి!" అంది పక్కింటి పిన్నిగారు అమ్మతో. "కలెక్టరే దిగొస్తాడు చూడండి అక్కయ్యగారూ."

సంచిలో పైన కొబ్బరికాయ, అడుగున ఆటల పీరియడ్ కోసం కొన్న కాన్వాసు బూట్లు. మెట్ల దాకా వెళ్ళకుండానే పక్కకి తిరిగి, ఒక బండ చాటున బూట్లు వేసుకుని సంచి అక్కడే దాచేదాన్ని. లంగా పైకి దోపి, ఓణీ నడుముకి బిగించి మేకలు నడిచే బాట పట్టేదాన్ని. నాన్న బట్టల మూటలతో హనుమాన్ జంక్షన్ బస్సుకి బయల్దేరేలోపు ఇల్లు చేరాలి గనుక, రెండో గుట్ట దగ్గరే వెనక్కి తిరిగేదాన్ని.

నలభయ్యో రోజున తిరగలేదు. రేపటినుంచి ఈ బాట లేదనుకుంటే కాళ్ళు ఆగలేదు. మూడో గుట్ట, ఆ వెనక నేనెన్నడూ చూడని లోయ, మళ్ళీ ఎత్తు. కింద మంచులో రైలు అగ్గిపెట్టెల వరసలా పోతుంటే దానితో పందెం వేసి ఓడిపోయి, పైకే నవ్వేశాను.

మేకలు తోలుకొస్తున్న ఒకామె కంగారుగా అడిగింది. "ఎవరు తరుముతున్నారమ్మా?"

"ఎవరూ లేరండీ!" అని అరిచాను. అంత గట్టిగా నేను మాట్లాడగలనని అప్పుడే తెలిసింది.

"మరి ఆగవేం?"

ఇల్లు చేరేసరికి బాగా ఎండెక్కింది. నాన్న వెళ్ళిపోయారు. అరుగు మీద నాయనమ్మ ఒక్కతే ఉంది.

"మొక్కు తీరిందా?"

తలూపాను. ఏడుపొచ్చేలా ఉంది. ప్రసాదం కోసం ఆవిడ సంచిలో చెయ్యి పెట్టింది. కొబ్బరికాయ నిక్షేపంగా పైకొచ్చింది. దాన్ని కొట్టాలన్న మాటే మర్చిపోయాను! ఆ వెనక ఒక బూటు కూడా వచ్చింది. దానికి అంటుకున్న పల్లేరుకాయని నాయనమ్మ తాపీగా పీకి పారేసి, బూటు మళ్ళీ సంచిలో పెట్టింది. ఆపైన ఇంట్లోకి కేకేసి అమ్మని పిలిచింది. అయిపోయాననుకున్నాను.

"కోడలా, నా మోకాళ్ళ నొప్పులకి నేనూ నలభై రోజులు మొక్కుకున్నాను. నేనెక్కలేను గదా, రేపట్నుంచి నా బదులు ఇదెక్కుతుంది. మీ ఆయనకి చెప్పు."

అమ్మ సరేనని లోపలికి వెళ్ళాక, కొబ్బరికాయ నా చేతిలో పెట్టి మెల్లిగా అంది.

"ఈసారైనా కాయ కొట్టడం మర్చిపోకే, పిచ్చిమొహమా."