కొట్టుడే తెలిసిన గురువుగారు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేము హైదరాబాదు పాతబస్తీలో, మొఘల్‌పురాలో అద్దెకుండేవాళ్లం. నాన్న గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. నేను డిగ్రీ చదువుతున్నాను. చదువు కోసమని కొన్న కంప్యూటర్‌లో నేను ఆడింది మాత్రం కత్తియుద్ధాల ఆట. అందులో ఒక వంతెన మీద ఇనుప కవచం తొడుక్కున్న రాక్షసుడు నిలబడి ఉండేవాడు. వాడిని దాటితేనే కోట. వాడు నన్ను రోజూ చంపేవాడు.

ఈ సంగతి పై పోర్షన్‌లో ఉండే ఇంటి ఓనరు కొడుక్కి తెలిసింది. తనకు తెలియనిది భూమ్మీద లేదని నమ్మే మనిషి ఆయన. పంపు రిపేరు నుంచి పెళ్లి సంబంధాల దాకా అన్నిటికీ సలహా ఇచ్చేవాడు. పంపు కారుతూనే ఉండేది. ఒక ఆదివారం వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏంది చెల్లె, గట్ల ఎనక్కి ఉరుకుతున్నవ్? ఫికర్ జెయ్యకు. కొడుతనే ఉండు!"

కొట్టాను. చచ్చాను.

"కత్తి చిన్నగుంది. పెద్దది తీస్కో."

తీసుకున్నాను. దాన్ని ఎత్తేలోపే రాక్షసుడు నన్ను వంతెన కిందికి తోసేశాడు.

"భయపడుతున్నవ్. ఆడపిల్లలతోని గిదే లొల్లి."

నాకు ఒళ్లు మండింది. లేచి కుర్చీ ఆయన వైపు జరిపాను. "మీరు ఆడి చూపించండి అన్నా."

ఆయన చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. సూటిగా ఉరికాడు, ఒక్క దెబ్బకే పోయాడు. మళ్లీ ఉరికాడు, మళ్లీ పోయాడు. చచ్చినప్పుడల్లా మా సామాన్లలో ఏదో ఒకదానికి రోగం కనిపెట్టాడు. మౌస్ ఖరాబుంది. కుర్చీ సక్కగ లేదు. చివరికి, "మీ ఇంట్ల వోల్టేజీ తక్కువుంది చెల్లె," అని మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆ ఇల్లూ వాళ్లదే, ఆ కరెంటూ వాళ్లదే.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చి తలుపు గడియపెట్టాను. ఆ మధ్యాహ్నమంతా ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా రాక్షసుడి చుట్టూ తిరుగుతూ చూశాను. గొడ్డలి ఎత్తే ముందు వాడి భుజం కాస్త వంగేది. వరసగా దెబ్బలు విసిరాక ఊపిరి కోసం ఆగేవాడు. అప్పుడు ఒక్కటి కొట్టి తప్పుకోవాలి. రెండోదానికి ఆశపడితే చావే. పక్కకు దొర్లడానికి అడ్డమని ఆటలో నేను తొడుక్కున్న బరువు కవచం కూడా విప్పేశాను. వారం తిరక్కముందే వాడు కూలాడు. వంటింట్లోకి పరిగెత్తి అమ్మకు చెప్తే, "అయితే ఇప్పుడైనా అన్నం తిను," అంది.

ఓనరు కొడుకు వచ్చి తెర మీద కోట గుమ్మం చూశాడు. "నేన్ జెప్పలె, భయపడకుంట కొట్టమని!"

ఆ సాయంత్రానికే గల్లీ చివర చాయ్ హోటల్‌లో ఆయన నా గురువైపోయాడు. ఆటలో ఇరుక్కున్న కాలేజీ కుర్రాళ్లు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. ఒకడు మాత్రం నన్ను అడిగాడు. "ముందు కొట్టడం ఆపి, వాడిని చూడు," అన్నాను.

"గదేందక్కా! కొట్టకుంటె ఇంక ఆటేంది?" అని నవ్వి, పై పోర్షన్ మెట్లెక్కాడు.

నేను తలుపేసుకుని కోటలోకి వెళ్లాను.