వంటాయన తిన్నాడా?

మామగారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. ఏ ఊరు వెళ్లనీ, ఏ హోటల్లో కూర్చోనీ, వంటవాడు తిన్నాడని రూఢిగా తెలిస్తే తప్ప ఆయన ముద్ద ముట్టడు. తాను ముట్టకపోతే పోనీ, పక్కవాడిని కూడా ముట్టనివ్వడు. ఆ పక్కవాడిగా కూర్చునే ఖర్మ పదకొండు నెలలుగా అల్లుడికి పట్టింది.

మామా అల్లుళ్లిద్దరూ ఒకే లిఫ్టుల కంపెనీలో మెకానిక్కులు. వారంలో ఐదు రోజులు ఊళ్లు పట్టుకుని తిరుగుతారు. వ్యాను నడిపేది అల్లుడు. పనిముట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చునేది మామగారు. పని విషయంలో మాత్రం ఆయనకి వంక పెట్టడానికి లేదు. లిఫ్టులో కళ్లు మూసుకుని నిలబడి ఒక్కసారి పైదాకా వెళ్లొచ్చి, "మూడో అంతస్తు తలుపు రోలరు అరిగింది" అంటాడు. విప్పి చూస్తే అరిగే ఉంటుంది. అల్లుడికి స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పింది ఆయనే, పట్టుకున్న తీరు నచ్చి కూతుర్నిచ్చిందీ ఆయనే. అందుకని ఎదురు చెప్పడానికి అల్లుడికి నోరు రాదు. కడుపు మాత్రం ఊరుకోదు, వ్యాను ఇంజను చప్పుడులో కూడా వినపడేలా గోల చేస్తుంది.

"ఆకలితో ఉన్నవాడి నాలుకంత అబద్ధాలకోరు ఇంకోటి లేదు అల్లుడూ," అనేవాడు మామగారు. "వాడికి గడ్డి పెట్టినా అమృతమే. అలాంటివాడు రుచి చూసి దించిన కూరలో ఉప్పెంతో నూనెంతో ఎవడికి తెలుసు? కడుపు నిండినవాడు వండితేనే అన్నీ సమపాళ్లలో పడతాయి. రుచికి రుచి, ఆరోగ్యానికి ఆరోగ్యం. ఒళ్లు నాది, జాగ్రత్త పడొద్దూ?"

అల్లుడికీ ఆరోగ్యం మీద శ్రద్ధ లేకపోలేదు. బయటి తిండి తిని తిని పెళ్లినాటి చొక్కాలకి బొత్తాలు పట్టడం మానేశాయి. అందుకని పొద్దున్నే ఫోను ముందేసుకుని, వెళ్లబోయే ఊళ్లో నూనె తక్కువ వాడే హోటలేది, కూరగాయలు బాగా పెట్టే హోటలేది అని జల్లెడ పట్టేవాడు.

"మామయ్యగారూ, ఇదిగో, నాలుగున్నర నక్షత్రాలు. రెండొందల మంది బాగుందన్నారు."

"ఆ రెండొందల మందిలో వంటాయన ఉన్నాడా?"

"వంటాయన తన హోటలుకి తనే ఎలా ఇస్తాడండీ?"

"ఇవ్వడు కదా. మరి వాడు తిన్నాడో లేదో ఎలా తెలుస్తుంది?"

అల్లుడు ఫోను జేబులో పడేసి వ్యాను తాళాలు అందుకున్నాడు.

ఒకసారి అద్దాల తలుపులున్న మంచి హోటలుకి వెళ్లారు. మెనూ చూడగానే అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. ఆవిరి మీద ఉడికించిన చేప, పచ్చికూరల పళ్లెం, వేడి రొట్టె. ఇంతలో మామగారు కౌంటరు దగ్గరికి నడిచాడు.

"బాబూ, వంటాయన తిన్నాడా?"

"ఎవరండీ?"

"వంటాయన. లోపల పొయ్యి దగ్గర నిలబడతాడే, ఆయన."

"తింటాడండీ, మూడున్నరకి."

"సరే, మూడున్నరకే వస్తాం."

అప్పుడు టైము ఒంటిగంట. రెండున్నర గంటలు వ్యానులో కూర్చున్నారు. అల్లుడు బిస్కట్ పొట్లం తీస్తే, "చాల్చాలు, ఆకలి చంపుకోకు" అని లాక్కుని డ్యాష్‌బోర్డులో పెట్టి తాళం వేశాడు మామగారు. ఆ మధ్యాహ్నం ఒక బ్యాంకు మేనేజరు ఐదంతస్తులు మెట్లెక్కి, పైన కూర్చుని కంపెనీకి ఫిర్యాదు రాశాడు.

ఇంకో ఊళ్లో వంటాయనే బయటికొచ్చాడు. నిలువెత్తు మనిషి, చేతిలో గరిటె. "నేను తింటే నీకేంటయ్యా?" అని గుడ్లురిమాడు. మామగారు జంకలేదు. "నీకోసం కాదు నాయనా, నాకోసం. నా ఒంటికి పడదు" అని చెయ్యి పట్టుకుని తమ బల్ల దగ్గరే కూర్చోబెట్టాడు. ఆ మహానుభావుడు గరిటె పక్కన పెట్టి, రెండు పళ్లేలు లాగించి, త్రేన్చి, కుర్చీలోనే కునుకు తీశాడు. లేపబోతే మామగారు వేలు నోటి మీద పెట్టుకుని, "ష్! ఇప్పుడే కదా పాపం" అన్నాడు. అల్లుడు గుటకలు మింగుతూ, అవతలివాడి గురక లెక్కపెడుతూ కూర్చున్నాడు.

పోనీ కౌంటరువాళ్లు అబద్ధమైనా చెబుతారా అంటే, చెప్పినా లాభం లేదు. "తిన్నాడండీ, ఇప్పుడే" అంటే, "అయితే ఎంగిలి కంచం చూపించు" అని తిన్నగా వంటింట్లోకి దూరి తొట్టిలో గిన్నెలు తిరగేసేవాడు. రెండు చోట్ల ఆయన్ని ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరనుకుని భయపడి నేల కడిగారు.

అల్లుడు పెళ్లాం దగ్గర మొత్తుకున్నాడు. "మీ నాన్నతో నా ప్రాణం పోతోందే!"

"నాన్నకి ఒంటి మీద అంత శ్రద్ధ. నీకే నిర్లక్ష్యం" అంది ఆవిడ, ఆయన కూతురు కదా.

చివరికి ఆ సోమవారం యజమాని ఫోను చేశాడు. "ఏమయ్యా, మధ్యాహ్నం పనులన్నీ ఆలస్యమేనటగా! మీ మామగారికి వయసు మీద పడింది, మెట్లెక్కలేకపోతున్నాడేమో. ఆయన్ని వర్క్‌షాపులో కూర్చోబెట్టి నీకు ఇంకో మనిషినిస్తాను. ఏ సంగతీ శుక్రవారానికల్లా చెప్పు. నువ్వు ఎలా అంటే అలా."

వర్క్‌షాపంటే కిటికీ లేని గది. రోజంతా పాత మోటార్లకి గ్రీజు పూయడం. కదిలే లిఫ్టులో నిలబడి చెవితో జబ్బు కనిపెట్టే మనిషిని అక్కడ పడేస్తే నెల తిరగకుండా డీలా పడిపోతాడని అల్లుడికి తెలుసు. ఇంకో పక్క, వేళకింత తిండి. మంగళవారం, బుధవారం, గురువారం అల్లుడు అటూ ఇటూ ఊగాడు. మామగారి మొహం చూస్తే జాలి, గడియారం చూస్తే కోపం.

శుక్రవారం రోడ్డు పక్క ఐదు బల్లల హోటల్లో దిగారు. ఫోను లెక్కన అది ఆ దారిలోకెల్లా శుభ్రమైన, రుచైన చోటు. అన్ని రకాల కూరగాయలు వేసి కాచే సూపుకి పేరట. లోపల ఒక్కత్తే వంటావిడ, యాభై ఏళ్లుంటాయి. తెల్లారకముందే పొయ్యి వెలిగించిందని ఆవిడ కళ్లే చెబుతున్నాయి.

"ఆవిడ తిన్నదా?" అన్నాడు మామగారు కౌంటరాయనతో.

"నాలుగింటికి తింటుందండీ. ఇప్పుడు జనం వచ్చే వేళ."

"అయ్యో, నా ఒంటికి పడదే. వంటచేసినవాళ్లు తిన్నాకే తినాలని డాక్టరు గట్టిగా చెప్పాడు."

"ఏ డాక్టరండీ?"

"చాలా పెద్ద డాక్టరు."

కౌంటరాయన అల్లుడి వైపు చూశాడు. అల్లుడు గోడ వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే నిర్ణయం జరిగిపోయింది. ఇక చాలు. సాయంత్రం దాకా ఎందుకు, తినగానే ఫోను చేసి "వర్క్‌షాపే" అని చెప్పేస్తాను, మామగారైతే అయ్యాడు, నా కడుపుకి మామగారు కాదుగా!

కస్టమరు పోతాడని భయపడి కౌంటరాయన, "తినవే, తిను, ఎవరో రోగిష్టాయన" అని లోపలికి కేకేశాడు. వంటావిడ విస్తుపోయి, పీట మీద కూర్చుని, మామగారు గుమ్మంలోంచి కన్నార్పకుండా చూస్తుంటే గబగబా నాలుగు ముద్దలు తింది. మళ్లీ లేచి, ఆ కంగారులోనే రెండు గిన్నెల సూపు పోసి పంపించింది.

అల్లుడు ఆవురావురుమంటూ ఒక చెంచాడు నోట్లో పోసుకున్నాడు. పోసుకుని, కళ్లలో నీళ్లు తిరిగి, ఎలా మింగాలో తెలియక కొయ్యబారిపోయాడు. ఉప్పు! ఉప్పంటే అలాంటిలాంటి ఉప్పు కాదు. ఆవిడ తత్తరపాటులో రెండుసార్లు వేసేసింది.

తలెత్తి చూస్తే, ఎదురుగా మామగారు సగం గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకుంటున్నాడు.

"చూశావా అల్లుడూ! కడుపు నిండిన చెయ్యంటే ఇదీ. ఉప్పు ఎంత కొలిచినట్టు కుదిరిందో!"

అల్లుడు చెంచా కింద పెట్టాడు. "మామయ్యగారూ, నిజం చెప్పండి. మీకు రుచి తెలియదు కదూ?"

దొంగ దొరికిపోయాడు. మామగారు చెంచా గిన్నెలో వదిలేశాడు. "ఎనిమిదేళ్ల కిందట పెద్ద జ్వరం వచ్చింది చూడు, అప్పుడు పోయింది. రుచీ, వాసనా, రెండూ. మీ అత్తయ్యకి చెప్పకు. రోజూ అద్భుతం అంటున్నాను. తెలిస్తే ఎనిమిదేళ్ల అద్భుతాలకీ లెక్క అడుగుతుంది."

"మరి ఈ సిద్ధాంతం? సమపాళ్లూ, ఆరోగ్యం, పెద్ద డాక్టరూ?"

"కుర్రతనంలో ఒక పెద్ద హోటల్లో, పళ్లేలు పైకి పంపే చిన్న లిఫ్టు బాగుచేశాను. మూడు రోజులు వంటింట్లోనే పని. అక్కడి వంటాయన రెండొందల పళ్లేలు పైకి పంపి, నేను అన్నం డబ్బా మూత తీసేసరికి, ఆ వాసనకి కళ్లు తిరిగి నా మీదే పడ్డాడు. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదట. లోకానికంతా వండిపెట్టేవాడయ్యా!" మామగారికి ఇప్పటికీ కోపమే వచ్చింది. "పాపం, తిననివ్వండి అని హోటలువాళ్లని జాలిగా అడిగి చూశాను. 'నీ పని నువ్వు చూసుకో' అన్నారు. అదే కస్టమరుగా వచ్చి, నాకు రోగం, నాకు పిచ్చి అన్నాననుకో, చచ్చినట్టు కంచం పెడతారు."

"నాకన్నా చెప్పచ్చుగా!"

"చెబితే నువ్వు నవ్వు ఆపుకోలేవు. అసలు విసుక్కునేవాడు పక్కనుంటేనే నా పిచ్చి నిజమనిపిస్తుంది. అందుకే నువ్వు పక్కన చేరాకే మొదలెట్టాను. నీ మొహం చూసి ఎన్ని హోటళ్లవాళ్లు నమ్మారనుకున్నావ్?"

పదకొండు నెలల ఆకలికి ఇదా వచ్చిన బిరుదు! అల్లుడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతలో వంటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "ఎలా ఉందండీ? వేళకి తిని ఎన్నాళ్లయిందో, ఎవరూ అడగరు. కౌంటరు దగ్గరున్న మా ఆయన్ని తిట్టాను కూడా, ఆ రోగిష్టాయన్ని చూసి నేర్చుకో అని."

అల్లుడు ఆవిడ మొహం చూశాడు, సూపు చూశాడు. ఈ వయసులో ముసలాయనకి ఇంత ఉప్పు మంచిది కాదు. మామగారి గిన్నె తనవైపు లాక్కున్నాడు.

"చాలా బాగుందమ్మా. ఆయనది కూడా నేనే తాగేస్తాను" అని గుక్కతిప్పుకోకుండా రెండు గిన్నెలూ ఖాళీ చేసి, నీళ్ల జగ్గు పట్టుకుని బయటికి పరిగెత్తాడు.

వ్యానుకి ఆనుకుని జగ్గు ఎత్తి గటగటా తాగుతుంటే జేబులో ఫోను మోగింది. యజమాని.

"ఏమయ్యా, తేల్చుకున్నావా? ఆలస్యమంతా మీ మామగారి వల్లేగా?"

"కాదండీ," అన్నాడు అల్లుడు. "నావల్లే. నాకే ఎక్కడ పడితే అక్కడ తిండి పడదు. మంచి హోటలు దొరికేదాకా ఆయన్ని ఊరంతా తిప్పుతున్నాను. ఇకమీదట పొద్దున్నే ఒక గంట ముందు బయల్దేరతాం. ఆయన మాత్రం నాతోనే ఉండాలండీ."

"వయసులో ఉన్నవాడివి, ఏం రోగమయ్యా నీకు?" యజమాని గొంతులో విసుగు ఉరిమింది. "నేను ఆయనతో నాలుగేళ్లు ఊళ్లు తిరిగాను. రాయి పెట్టినా ఇదేంటనకుండా తిని లేచే మనిషి. సరే, నీతోనే ఉండనీ. ఆయన్ని చూసైనా తిండి తినడం నేర్చుకో!"

"చిత్తమండీ," అన్నాడు అల్లుడు, జగ్గులో మిగిలిన నీళ్లు కూడా తాగేసి.