మోన్సెరాతే ఎక్కని అరమింతా

మా బొగొటాలో పెళ్ళి కాని జంట కలిసి మోన్సెరాతే కొండ ఎక్కకూడదు. ఎక్కితే ఆ పెళ్ళి ఇక జరగదు. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు గానీ నవ్వినవాళ్ళెవరూ పరీక్షించి చూడరు. మా చెల్లెలు చూసింది. ఒక బేకరీ అతనితో ఎక్కింది, దిగేటప్పుడు ఒక్కతే దిగింది. అతనిప్పుడు ఎక్కడున్నాడో మాకు అక్కర్లేదు.

ఆ కొండ మీది చర్చికి వెళ్ళేవాళ్ళ కోసం, కింద కేబుల్ కారు స్టేషన్ ఎదురుగా నాది కొవ్వొత్తుల కొట్టు. పక్కదే అరమింతాది. వేడి చాక్లెట్ కాచి, కప్పులో చీజ్ ముక్క పడేసి ఇస్తుంది. అది చూసి పైదేశాలవాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు, రెండో గుక్క పడేసరికి ఇంకో ముక్క అడుగుతారు.

అరమింతాకి యాభై రెండేళ్ళు. ఆ కొండ నీడలోనే పుట్టింది, ఒక్కసారి కూడా పైకి వెళ్ళలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కొట్టు వదల్లేక "వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం" అంటూ నెట్టుకొచ్చింది. నలభై దాటాక ఈవిడకి కాస్త తీరిక చిక్కింది. సరిగ్గా అప్పుడే ఎవేలియో కేబుల్ కారులో పనికి చేరాడు. తలుపు దగ్గర టికెట్లు చూసి, జనంతోపాటు పైకీ కిందకీ తిరగడం ఆయన పని. మొదటిరోజే చాక్లెట్ తాగడానికి వచ్చాడు, నెల తిరక్కుండా ఉంగరం తెచ్చాడు. ఇక ఆవిడ ఆ బండి ఎలా ఎక్కుతుంది? ఎక్కితే ఆయనతో కలిసి ఎక్కినట్టేగా!

"నడిచి వెళ్ళొచ్చుగా," అన్నాను ఒకసారి.

"నీ మోకాళ్ళు అరువిస్తావా వదినా?"

"పోనీ, ఆయన సెలవు రోజున వెళ్ళు."

"సెలవు రోజున ఆయన నా కొట్లోనే కూర్చుంటారు కదా!" అని సిగ్గుపడింది. ఆ సిగ్గు చూస్తే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

పైన ఏముందో తెలుసుకోవాలన్న ఆశ మాత్రం చావలేదు. దిగివచ్చిన ప్రతి యాత్రికుణ్ణీ కూర్చోబెట్టి, "ఏం కనబడిందో చెప్పండి, ఇంకో ముక్క వేస్తాను," అనేది. జర్మనీ పెద్దాయన ఒకాయన, ఎటు చూసినా కప్పులే, ఊరికి చివరన్నదే లేదని గంటసేపు చెప్పాడు. బ్రెజిల్ అమ్మాయి ఏమీ చెప్పకుండా ఏడ్చేసింది, ఆ పిల్లకి రెండు ముక్కలు పడ్డాయి. మా దేశంలోనే వేడి కోస్తా ఊళ్ళ నుంచి వచ్చినవాడొకడు "చలి," అని ఊరుకున్నాడు. వాడికీ వేసింది, జాలిపడి. ఒక పొడుగు మనిషి సముద్రం కనబడిందన్నాడు. ఈవిడ నమ్మేసి రెండు నెలలపాటు వచ్చినవాళ్ళందర్నీ పడమటివైపు చూడమని పంపింది. చివరికి ఒక భూగోళం మాస్టారు దిగివచ్చి, "సముద్రం చూడాలంటే రోజంతా బస్సులో కూర్చోవాలి తల్లీ!" అని మొత్తుకున్నాడు.

ఎవేలియో మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి పంపేవాళ్ళం. పెళ్ళి మాటెత్తితే చాలు, నీళ్ళు నమిలేవాడు. "వానలు తగ్గనివ్వండి." "కొత్త తాడు బిగించనివ్వండి." "ఈస్టర్ వెళ్ళనివ్వండి." బొగొటాలో వానలు తగ్గడమేమిటి, నా మొహం! అలా పదకొండు ఈస్టర్లు వెళ్ళిపోయాయి.

ఈ జనవరిలో ఒక ఆదివారం, ఆకాశం కడిగినట్టుంది. ఉరుగ్వే నుంచి వచ్చిన నీల్దా అనే టీచరమ్మ కొట్లో కూర్చుని ఉంది. నేనూ అక్కడే ఉన్నాను.

"కారులో ఎటువైపు నిలబడితే బాగుంటుందండీ?" అని అడిగింది.

"ఎడమవైపు," అరమింతా ఠక్కున చెప్పింది. "రెండో స్తంభం దాటగానే ఊరంతా ఒక్కసారిగా బయటపడుతుంది."

"ఎన్నిసార్లు చూసుంటారో మీరు!"

అరమింతా గిన్నెలోకి చూస్తూ చాక్లెట్ గిలక్కొట్టుకుంటూ ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే ఎవేలియో లోపలికొచ్చాడు. టోపీ చేతిలో ఉంది, మొహమంతా నవ్వు.

"అరమింతా గారూ, ఈ నెలాఖరుకి రిటైరవుతున్నానండీ! ఇవాళే కాగితం ఇచ్చారు."

ఆవిడ చెయ్యి ఆగింది. "అయితే?"

"అయితే ఏముంది, కాస్త నడుం వాల్చాలి. ఈస్టర్ వెళ్ళాక మన సంగతి చూద్దాం."

"అలాగే," అందావిడ. అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ పిచ్చి మారాజు అది కూడా గమనించకుండా ఈల వేసుకుంటూ పనిలోకి వెళ్ళిపోయాడు.

ఆవిడ పొయ్యి ఆర్పింది. ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించి, ఉన్ని శాలువా కప్పుకుంది.

"వదినా, కొట్టు చూస్తూ ఉండు. పైకెళ్తున్నా."

"ఎవరి కారులో?"

"ఆయన కారులోనే. ఆ కొండకి తెంచే శక్తే ఉంటే తెంచమను. ఇలా మధ్యలో వేలాడే ఓపిక నాకు లేదు. ఇవాళ తాడోపేడో తేలిపోవాలి."

ఆవిడది బెదిరింపు కాదు. కొండ మాట ఆవిడ మనసారా నమ్ముతుంది. ఎక్కిందంటే దిగగానే ఉంగరం తీసిచ్చేస్తుంది, ఇక ఆ మనిషి వైపు తలెత్తి చూడదు. కొట్టు చూడమంటే చూస్తానా? రెండు కొట్లూ గాలికొదిలేసి వెంటపడ్డాను. నా వెనకే నీల్దా. వరసలో నిలబడి ఆవిడకి కథంతా చెప్పాను.

"అయ్యో, ఆపండి ఆవిణ్ణి!" అంది నీల్దా.

"మీరు ఆపండి చూద్దాం," అన్నాను.

ఎవేలియో తలెత్తకుండా టికెట్లు చూస్తున్నాడు. అరమింతా టికెట్ అందుకున్నాడు, ఆ వేలికున్న ఉంగరం చూశాడు, మొహం పాలిపోయింది.

"ఎ... ఎటు బయల్దేరారండీ?"

"పైకి."

"నా బండిలోనా?"

"లేకపోతే నాకేమైనా రెక్కలున్నాయా?"

"ఎక్కకండి! ఎక్కితే మన సంగతి..."

"తెగిపోతుంది. తెలిసే ఎక్కుతున్నా. పదకొండేళ్ళుగా మీరు ముడీ వెయ్యరు, తెంచనూ తెంచరు. తప్పుకోండి, జనం ఆగిపోయారు."

ఆయన రెండు చేతులూ చాపి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. లోపల నలభై మంది. "ఎక్కనివ్వవయ్యా!" అని కొందరు, "ఎక్కకమ్మా, నీకు పుణ్యముంటుంది!" అని కొందరు.

"ఈస్టర్ వెళ్ళగానే, ఒట్టు..." అన్నాడు.

కారంతా గోల పెట్టింది. అరమింతా జాగ్రత్తగా శాలువా అంచు ఎత్తిపట్టి, గడప మీద కాలు పెట్టబోయింది.

"ఫిబ్రవరి!" అని అరిచాడు ఎవేలియో. "ఫిబ్రవరి ఏడు! శనివారం! పొద్దున పది గంటలకి!"

కాలు గాల్లోనే ఆగింది. "రాసివ్వండి."

ఆ టికెట్ వెనకే రాసిచ్చాడు. ఆవిడ కూడబలుక్కుంటూ చదివి, మడిచి, రవికలో పెట్టుకుని, కాలు వెనక్కి తీసుకుంది. చప్పట్లు కొట్టనివాళ్ళు లేరు. నేను ఈలే వేశాను, ఈ వయసులో.

గంటన్నర తర్వాత నీల్దా దిగివచ్చింది. కళ్ళు మెరిసిపోతున్నాయి. "ఎంత బాగుందండీ! రెండో స్తంభం దాటగానే..."

"వద్దమ్మా!" అరమింతా రెండు చెవులూ మూసుకుంది. "ఫిబ్రవరి ఏడుదాకా నాకెవరూ ఏమీ చెప్పొద్దు." అని నవ్వుతూ నీల్దా కప్పులో మూడు ముక్కలు వేసింది.

పెళ్ళి మా పేట చర్చిలోనే జరిగింది. వాన కూడా పడింది, పడకుండా ఉంటుందా! పదకొండింటికి తెరిపిచ్చింది. పెళ్ళివారమంతా కేబుల్ కారు ఎక్కాం. కొత్త సూటులో ఎవేలియోకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొత్తగా చేరినతను టికెట్లు చూస్తుంటే పక్కనుంచి తప్పులు పడుతున్నాడు.

మొదటి స్తంభం దాటింది. అరమింతా అద్దానికి ముక్కు ఆనించింది. రెండో స్తంభం దగ్గర కారు చిన్న కుదుపు కుదిపి దాటింది, ఊరంతా ఒక్కసారిగా కింద పరుచుకుంది.

"అమ్మ బాబోయ్," అంది అరమింతా. "ఇంతుందా! ఇంతుందా మన ఊరు!" నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు.

ఎవేలియో ఊరి వైపు చూడటంలేదు. ఆవిడ మొహం చూస్తున్నాడు.

"అటు చూడవేమయ్యా, ఊరు అటుంది!" అన్నాను.

"అది రోజూ ఉన్నదేనండీ," అన్నాడు. "నేను పదకొండేళ్ళుగా ఇక్కడ నిలబడి చూసింది మొదటిసారి ఊరు చూసేవాళ్ళ మొహాలు. ఎవరి మొహం వెలిగినా, ఈవిడ మొహం ఎలా ఉంటుందో అనుకునేవాణ్ణి. పెళ్ళి రోజు పెట్టే ధైర్యమే చాల్లేదు. ఇవాళ చూశాను."

ఏడుపు ముంచుకొచ్చింది నాకు. నాకు! ముక్కు చీదుకుంటూ అద్దం ముందుకొచ్చి నిలబడిపోయాను.

"ఏడిస్తే ఏడిచావు గానీ," అరమింతా మోచేత్తో నన్ను పక్కకి నెట్టింది, "అడ్డం తప్పుకో వదినా, నన్ను ఊరు చూడనియ్!"