మంత్రిగారి సెక్రటరీ

మా ఆయన హెచ్-వన్ మీద ఉద్యోగం చేస్తుంటే, పనిచేసే హక్కు లేని వీసా మీద నేను ఎడిసన్‌లో ఇంటిపట్టున ఉండిపోయిన ఏళ్ళవి. పక్క టౌన్‌హౌస్‌లో ఒక జపాన్ అమ్మాయి ఉండేది. అమెరికన్‌ని పెళ్ళి చేసుకుంది. అతను పొద్దున ట్రైన్ ఎక్కితే చీకటి పడ్డాకే వచ్చేవాడు. పెరట్లో నా గోంగూర మొక్కలు చూసి తనే పలకరించింది. అలా స్నేహం కుదిరింది. వాళ్ళ నాన్న జపాన్‌లో పెద్ద రాజకీయ నాయకుడని, రెండుసార్లు మంత్రి అయ్యాడని చాలాకాలం దాకా చెప్పనేలేదు. చెప్పినప్పుడు కూడా గర్వంగా చెప్పలేదు. ఆయన ఏదో ఒక మాట జారడం, పేపర్లు దుమ్మెత్తిపోయడం, పదవి పోవడం, మళ్ళీ గెలవడం, ఇదే తన చిన్నతనమంది.

ఒక వేసవిలో ఆయన కూతుర్ని చూడటానికి వచ్చాడు. వెంట సెక్రటరీ. అరవై దాటిన, సన్నటి మనిషి. తనకి సైకిల్ నేర్పింది, స్కూలుకి తీసుకెళ్ళింది ఈ సెక్రటరీయేనని ఆమె నాతో చెప్పింది. ఒక సాయంత్రం అందర్నీ మా ఇంటికి భోజనానికి పిలిచాం. మంత్రి మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఈ ఊళ్ళో మీవాళ్ళ ఓట్లెన్ని అని అడిగాడు. మాకిక్కడ ఓటే లేదంటే పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో ఆయన మోచెయ్యి తగిలి సాంబారు గిన్నె కార్పెట్ మీద ఒలికింది. ఆయన మాట ఆపలేదు. సెక్రటరీ మాత్రం చప్పున లేచి, తనే ఒలకబోసినట్టు నా ముందు నడుము వంచి క్షమాపణ చెప్పాడు.

భోజనాలయ్యాక మంత్రి ఫోన్ పట్టుకుని మా పెరట్లోకి వెళ్ళి, మొక్కల మధ్య తిరుగుతూ చాలాసేపు మాట్లాడాడు. కిటికీ దగ్గర గిన్నెలు కడుగుతున్న నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కన వాటిని తుడుస్తున్న ఆ అమ్మాయి చేతులు ఆగిపోయాయి. ఏమైందని అడిగాను.

"మా ఊళ్ళో ఏదో గోడ కడుతున్నారట. ఆ పని తన స్నేహితుడికే ఇమ్మంటున్నాడు," అని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన, "సెక్రటరీ మంచోడే. ఆ సార్‌ని చూస్తేనే నాకెందుకో డౌట్ కొడతాంది," అన్నాడు.

రెండేళ్ళకి ఆ గోడ కూలింది. కొండవాలున మట్టి జారకుండా కట్టిన గోడ అది. వానలకి ఒక వీధి వీధంతా మట్టికింద కూరుకుపోయింది. ఆమె లాప్‌టాప్‌లో చూపిస్తే, బురదలోంచి ఒక ఇంటి కప్పు మాత్రం కనబడింది. ఆ కాంట్రాక్టు ఎవరి మాట మీద ఇచ్చారని అక్కడ జనం నిలదీశారు. వారం తిరక్కుండా సెక్రటరీ కెమెరాల ముందు కూర్చుని, ఆ పని ఇమ్మని ఫోన్ చేసింది తానేనని, మంత్రిగారికి ఏమీ తెలియదని చెప్పాడు.

ఆమె నా వంటింట్లోంచే తండ్రికి ఫోన్ చేసింది. పెట్టేసి నా వైపు తిరిగింది.

"సెక్రటరీ చాలా మంచివాడు, ఆయన కుటుంబాన్ని మనం చూసుకుందాం అంటున్నాడు నాన్న," అంది. "మనం చూసుకోవడమేమిటి? ఆయన బతికే ఉన్నాడు కదా."

వెంటనే సెక్రటరీ ఇంటికి ఫోన్ చెయ్యమన్నాను. భార్య ఎత్తి, నడకకని వెళ్ళారు, ఇంకా రాలేదంది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఊరి బయట డ్యామ్ దగ్గర ఆయన శవం దొరికింది.

ఆమె ఏడవలేదు. అక్కడి పత్రికకి ఫోన్ చేసి, ఆ గోడ గురించి మాట్లాడింది తన తండ్రేనని, తాను చెవులారా విన్నానని చెప్పింది. భర్త వద్దన్నాడు. నాకూ భయమేసింది గానీ వద్దనలేదు. వార్త వచ్చింది. తండ్రి కోప్పడలేదు. మా అమ్మాయికి కొన్నాళ్ళుగా ఆరోగ్యం బాగాలేదు, దూరదేశంలో ఉంది, దయచేసి దాన్ని వదిలెయ్యండి అంటూ కెమెరాల ముందు కళ్ళు తుడుచుకున్నాడు. జనం నమ్మారు. ఆమెకి తెలియని నంబర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఎత్తితే అవతల ఊపిరి తప్ప మాట ఉండేది కాదు. ఇంటిముందు కొత్త కారు ఆగితే చాలు, వచ్చి నా తలుపు తట్టేది. సెక్రటరీ భార్యకి ఆమె పంపిన పార్సెల్ విప్పకుండానే తిరిగొచ్చింది.

తర్వాతి ఎన్నికల్లో వాళ్ళ నాన్న ఎప్పటికన్నా పెద్ద మెజారిటీతో గెలిచాడు. ఆ వీడియో ఇద్దరం కలిసే చూశాం. జనం చేతులెత్తి అరుస్తున్నారు. ఆయన వెనక, అడుగు దూరంలో, ముప్పై ఏళ్ళ మనిషి ఒకడు ఆయన కోటు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరని అడిగాను.

"కొత్త సెక్రటరీ. స్కూల్లో నాకన్నా చిన్న క్లాసు," అంది.

ఆ పని మానెయ్యమని ఆ సాయంత్రమే అతనికి మెయిల్ రాసింది. జవాబు రాలేదు.