అప్పాయమ్మ ఆంటీ గులాబీల టీపాట్

సింగపూర్‌లో మా కంపెనీలో నెలకో కొత్త తెలుగు మొహం దిగుతున్న రోజులివి. ఆదివారం వస్తే అందరూ మాల్స్‌కి పరుగు. ఓ ఆదివారం నేను మాత్రం పాత టీపాట్ వేటకు బయల్దేరాను. జురాంగ్ ఈస్ట్‌లో నాకు గది అద్దెకిచ్చిన అప్పాయమ్మ ఆంటీ మలేసియాలో పుట్టిన తెలుగావిడ. వాళ్లమ్మ రబ్బరు తోట దొరల బంగళాలో వంట చేసేది. దొరసాని వెళ్లిపోతూ ఆమెకో ఇంగ్లండు పింగాణీ టీపాట్ ఇచ్చింది: ఒళ్లంతా గులాబీలు, అంచుకు బంగారు గీత. అమ్మ పోయాక దాన్ని ఆంటీ తెచ్చుకుందని మలేసియాలోని ఇపోలో ఉండే చెల్లెలు మాటలు మానేసింది. ఇప్పుడేమో ఆంటీ కొడుకు పెళ్లి.

“చెల్లిని బొట్టు పెట్టి పిలవడానికి ఉత్త చేతులతో ఎలా పోతానమ్మా? అలాంటిదే ఇంకోటి దొరికితే దానికిచ్చేస్తా, గొడవ వదిలిపోద్ది” అంది ఆంటీ.

మధ్యాహ్నం రైలెక్కాం. బూగిస్ దాకా మారక్కర్లేదు, టికెట్ రెండు డాలర్లలోపే. అక్కణ్ణుంచి కాస్త నడిస్తే రోడ్డు పక్కనే పాత సామాన్ల బజారు. ఎండ మాడు పగలగొడుతోంది. తిరిగి తిరిగి విసిగిపోయాక, పాత గడియారాల మధ్య అవే గులాబీలు! అమ్మే చైనీస్ తాత నలభై డాలర్లన్నాడు. “అంకుల్, చీపర్ లా!” అంటూ ఇక్కడి యాసలో బేరమాడి ఆంటీ ముప్ఫైకి దించింది.

ఆకలేసి, వరసగా తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి వెళ్లాం. ఇక్కడ ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే సీటు మనదే, దాన్నే చోప్ చేయడం అంటారు. మా దగ్గర టిష్యూలు లేవు. ఆంటీ టీపాట్‌ని కాగితంలోంచి తీసి, మురిపెంగా తుడిచి, టేబుల్ మధ్యలో పెట్టింది.

“ఎవరైనా ఎత్తుకుపోతే?” అన్నాను.

“సింగపూర్‌లో ఎవరు తీస్తారు లా? పద, మకాన్ తెచ్చుకుందాం.”

దోసెల పళ్లేలతో తిరిగొస్తే టేబుల్ తళతళలాడుతోంది, టీపాట్ లేదు. “అలామాక్!” అని ఆంటీ గుండెలు బాదుకుంది. శుభ్రం చేసే ఆవిడ ఎంగిలి గిన్నెలతో పాటు దాన్నీ ఎత్తేసింది! పరుగెత్తి చూస్తే సబ్బు నురగ తొట్టెలో దొరికింది గానీ, కొమ్ము కొస చిట్లింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆంటీ ఆ చిట్లిన చోటునే తడుముతూ కూర్చుంది. దోసెలు చల్లారిపోయాయి.

“చిట్లింది శుభానికి పట్టుకెళ్లకూడదు. ఇది నేనుంచుకుంటా. అమ్మది చెల్లికిచ్చేస్తా.”

“అది మీ ప్రాణం కదా ఆంటీ!”

“మరి చెల్లికి మాత్రం కాదా?”

అలాంటిదే ఇంకోటి కొంటే సరిపోతుందని నేనూ నమ్మి, ఎండలో అంత తిరిగాను! మీరు ఆ బజారుకి వెళితే, కొన్నదాన్ని ఒళ్లోంచి దించకండి, చోప్ చేయడానికి టిష్యూ ప్యాకెట్ దగ్గరుంచుకోండి. మరుసటి ఆదివారం ఇపో నుంచి ఆంటీ ఫోన్ చేసింది. బొట్టు పెట్టించుకున్న చెల్లెలు అమ్మ టీపాట్‌లోంచే టీ పోసి, మొదటి కప్పు అక్కకిచ్చిందట.